చేత్తో పల్స్ చూసుకోవడం: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

చేతికి స్మార్ట్ వాచ్ వచ్చాక కూడా వేళ్లతో పల్స్ చూసుకోవడం నేను మానలేదు, మానను కూడా. వాచ్ బెల్టు లూజుగా ఉన్నా, చెయ్యి కదిలినా, చల్లగా ఉన్నా ఏదో ఒక నంబర్ చూపించేస్తుంది, అది నమ్మాలో వద్దో తేల్చేది మళ్లీ ఈ రెండు వేళ్లే.

అరచెయ్యి పైకి పెట్టి బొటనవేలి వైపు నుంచి కిందకి రండి, మణికట్టు ముడత దాటాక పక్క ఎముకకీ మధ్యలో తాడులా తగిలే స్నాయువుకీ నడుమ చిన్న పల్లం ఉంటుంది, చూపుడువేలూ మధ్యవేలూ అక్కడ ఆనించాలి. బొటనవేలితో మాత్రం వద్దు, దాన్లోనే నాడి కొట్టుకుంటుంది కాబట్టి ఏది లెక్కపెడుతున్నామో తెలీదు. ఇంకోటి, దొరకట్లేదని చాలామంది ఇంకా గట్టిగా నొక్కేస్తారు, దాంతో రక్తనాళం మూసుకుపోయి తగిలేది కూడా తగలదు. కాస్త నొక్కి మెల్లగా వదులుతూ రండి, ఒక దగ్గర క్లియర్‌గా కొడుతుంది, అక్కడే ఆపాలి. మెడ దగ్గర ఈజీగా దొరుకుతుంది గానీ నేను అటు పోను, అక్కడ గట్టిగా నొక్కితే గుండె వేగం తగ్గి కళ్లు తిరగొచ్చు, రెండు వైపులా ఒకేసారైతే అస్సలు నొక్కకూడదు.

15 సెకన్లు చూసి 4తో గుణించెయ్యమంటారు చూడండి, అది నాకు నచ్చదు. ఒక్క బీట్ అటూ ఇటూ అయితే ఫలితంలో 4 తేడా వస్తుంది. పైగా బీట్ తగలగానే టైమర్ నొక్కితే ఆ బీట్‌ని ఒకటి అనకూడదు, సున్నా అనాలి, ఈ సంగతి ఎవరూ చెప్పరు. నిండా 60 సెకన్లు చూడటమే బెస్ట్. జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లండ్ డాక్టర్ పల్స్ చూడ్డానికే సరిగ్గా ఒక నిమిషం నడిచే వాచీ చేయించుకుని 1707లో దాని మీద పుస్తకం కూడా వేశాడు, అంటే నిమిషం లెక్క ఇవాళ్టిది కాదు.

నిమిషం ఓపిక పడితే నంబర్ కంటే విలువైంది తెలుస్తుంది, కొట్టుకోవడం సమంగా ఉందా లేదా అని. ఊపిరి పీల్చినప్పుడు కాస్త స్పీడై వదిలినప్పుడు నెమ్మదించడం మామూలే, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లలో. ఏ వరసా లేకుండా అడ్డదిడ్డంగా కొడుతుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పి ఈసీజీ తీయించుకోవాలి, అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అవ్వొచ్చు, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు. అలాంటప్పుడు కొన్ని బీట్లు మణికట్టు దాకా రావు కూడా, గుండె నిజంగా కొట్టుకునేదాని కంటే మన లెక్క తక్కువ వస్తుంది, ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోటు ఇదే. పల్స్ మరీ స్పీడుగా ఉన్నప్పుడు లెక్క తప్పడం, పరిగెడుతూ చూసుకోలేకపోవడం, ఇవీ ఉన్నాయి.

నేను చూసుకునేది పొద్దున్న మంచం దిగకముందు, కాఫీ గీఫీ ఏదీ పడకముందు. పగలైతే ఓ ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే. పెద్దవాళ్లకి విశ్రాంతిలో 60 నుంచి 100 మామూలు, బాగా ట్రైనింగ్ చేసేవాళ్లకి 40ల్లో ఉన్నా కంగారక్కర్లేదు, బీపీకీ గుండెకీ ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకీ తగ్గుతుంది. జ్వరమొస్తే పెరుగుతుంది, అందుకే పక్కన ఆ రోజు ఒంట్లో ఎలా ఉందో ఒక ముక్క రాసుకుంటా. ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పుతున్నట్టు ఉంటే మాత్రం లెక్కపెడుతూ కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లిపోండి.