శిబ్‌పూర్ తోటలో మన సోమిద చెట్టు

కోల్‌కతా వెళ్లినవాళ్లు విక్టోరియా మెమోరియల్, కాళీఘాట్ చూసి వస్తారు. మేం మాత్రం ఒకటిన్నర రోజు హౌరా వైపున్న శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కే ఇచ్చేశాం. దీనికంతటికీ మా మరదలే కారణం. కాకినాడలో బోటనీ చెబుతుంది. "మన సామర్లకోటలో పదేళ్లకు పైగా మొక్కలు పోగేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1793లో వెళ్లి చేరింది ఆ తోటకే, బావగారూ" అని రైలెక్కించింది.

మొదటి రాత్రి హౌరా స్టేషన్ దగ్గర ఓ లాడ్జిలో దిగాం. ఫొటోల్లో నది కనిపించింది, కిటికీ తీస్తే పక్కింటి గోడ. మర్నాడే ఎస్ప్లనేడ్ వైపు మారిపోయాం. అద్దె ఎక్కువే గానీ నిద్ర పట్టింది, పొద్దున్నే టిఫిన్ కూడా దొరికింది. అక్కణ్ణుంచి తోటకు బస్సులుంటాయి గానీ, పెద్దవాళ్లుంటే క్యాబే మేలు. వంతెన దాటాక ట్రాఫిక్ మన చేతిలో ఉండదు.

తోట 270 ఎకరాల పైమాటే. 1787లో కల్నల్ రాబర్ట్ కిడ్ మొదలుపెట్టినప్పుడు ఎవరూ మొక్కల్ని కాపాడాలనుకోలేదు. ఈస్టిండియా కంపెనీకి టేకు, మసాలా దినుసులు పండాలన్నదే ముఖ్యం. లాల్‌బాగ్‌లా పూలమడులు చూద్దామని వెళ్తే నిరాశే. ఇది చెట్ల ఊరు.

జనమంతా మర్రి దగ్గరే. దాని అసలు మాను తుఫానులకు దెబ్బతిని, బూజు పట్టి కుళ్లితే 1925లో కోసి తీసేశారు. అయినా వేల ఊడల మీద నాలుగున్నర ఎకరాలకు పైగా పరుచుకుని ఉంది. ఏ ఊడ పక్క నిలబడి ఫొటో దిగినా 'చెట్టు పక్కన' దిగినట్టు అనిపించదు, లోపల ఎక్కడో ఉన్నట్టుంటుంది. 2020 మేలో అంఫన్ తుఫాను వచ్చినప్పుడు తోటలో వందల చెట్లు కూలాయట.

నాకు మాత్రం మర్రి కన్నా జంట కొబ్బరి కథే మనసులో నిలిచింది. సీషెల్స్ దీవుల చెట్టు. 1894లో ఇక్కడ నాటారు. ఆడచెట్టని తేలేసరికి దశాబ్దాలు పట్టింది. తీరా చూస్తే జతకు మగచెట్టు లేదు. కాయ కోసం శాస్త్రవేత్తలు విదేశం నుంచి పుప్పొడి తెప్పించాల్సి వచ్చింది. "ఒక్క మొక్కను బతికించినంత మాత్రాన జాతిని కాపాడినట్టు కాదు, బావగారూ" అంది మరదలు. రకానికి ఒక్కటి చొప్పున నాటి బోర్డు పెట్టడం ఎగ్జిబిషన్ అవుతుంది. విత్తనాలు, పుప్పొడి, వేరే తోటల్లో అదే జాతి మొక్కలు, పుట్టిన అడవి, ఇవన్నీ కావాలి.

అసలు ఖజానా సెంట్రల్ నేషనల్ హెర్బేరియం. మామూలు టికెట్‌తో లోపలికి పోలేం. మరదలు ముందే ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకుంది. సుమారు 20 లక్షల ఎండు మొక్కల షీట్లున్నాయి. ఏ మొక్క ఎప్పుడు ఎక్కడ దొరికిందో షీటు చెబుతుంది. ఇప్పుడు అక్కడ లేదంటే, పోయిందని రుజువు కూడా అదే. రాక్స్‌బర్గ్ మన దేశపు చిత్రకారులతో వేయించిన బొమ్మలు రెండున్నర వేలకు పైమాటే. మొక్కలకు మనవాళ్లు పిలిచే పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. అలా మన అడవుల్లో పెరిగే ఓ చెట్టుకున్న 'సోమిద' అన్న మన పేరే శాస్త్రీయ నామంలో 'సోయ్‌మిడా' అయి కూర్చుంది. నేను ఆ మాట వినడం అక్కడే మొదటిసారి. సిగ్గేసింది.

వెళ్లేవాళ్లకు రెండు ముక్కలు. సోమవారం సెలవు. నీళ్లు, టోపీ మర్చిపోవద్దు, నడక చాలా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు గేటు బయట ఝాల్‌మురీ తినండి. మన మరమరాల మసాలాకు చుట్టమే, ఆవనూనె ఘాటు మాత్రం వేరు.

తిరుగు రైలు సామర్లకోట చేరేసరికి తెల్లవారుతోంది. ఇంటికొచ్చాక సోమిద చెట్టు కోసం వాకబు మొదలుపెట్టాం. మారేడుమిల్లి వైపు వెళ్లే స్నేహితుడొకడు చూసొస్తానన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు.