మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మరోసారి

ఆల్బమ్‌ను దాని వరుసలోనే వినాలన్నది నా గట్టి నమ్మకం. ఏ పాట తరువాత ఏది రావాలి, రెండింటి మధ్య ఎంతసేపు నిశ్శబ్దం ఉండాలి అన్నవి కూడా చేసినవాళ్లు ఆలోచించి పెట్టినవే. అందుకే అరలోని ఇండీ (పెద్ద సంగీత సంస్థల బయట పుట్టిన ధోరణి), పాప్ ఆల్బమ్‌లను మళ్లీ వినడం మొదలుపెట్టినప్పుడు ఏ పాటనూ దాటవేయకూడదని, వరుస మార్చకూడదని నియమం పెట్టుకున్నాను. అలా వింటే కొన్ని మునుపటికన్నా పెద్దవయ్యాయి. కొన్ని ఇక నా దగ్గర ఉండనక్కర్లేదనిపించింది. ఈ తేడా బాణీల్లో కన్నా వాటి మధ్య వదిలిన చోటులో ఎక్కువగా ఉందని నాకు తోచింది.

ముందుగా కేట్ బుష్ 'హౌండ్స్ ఆఫ్ లవ్' (1985). ఇందులోని మొదటి పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' ఒక టీవీ సీరియల్ పుణ్యమా అని 37 ఏళ్ల తరువాత, 2022లో, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అప్పటినుంచి ఆల్బమంటే ఆ పాటే అన్నట్టు చాలామంది మాట్లాడుతున్నారు. గొప్ప పాటే, కాదనను. అయినా ఈ ఆల్బమ్ ప్రాణం రెండో పక్కన ఉంది. ఎల్‌పీ రోజుల్లో పళ్లెం తిప్పి పెట్టాక వచ్చే భాగమది. 'ద నైన్త్ వేవ్' పేరుతో ఏడు పాటలు కలిసి ఒకే కథ చెబుతాయి.

రాత్రి సముద్రంలో ఒంటరిగా తేలుతున్న స్త్రీ. నిద్రపోతే ప్రాణం పోతుంది. నిద్రేమో ముంచుకొస్తోంది. మొదటి పాటలో పియానో, గొంతు దాదాపు జోలపాటలా సాగుతాయి. ఆ మెత్తదనమే భయపెడుతుంది. తరువాతి పాటలో తీగల ధ్వని పదునెక్కుతుంది, ఆమె మంచుగడ్డ కింద తనను తానే చూసుకుంటుంది. మూడోదానిలో ఆమెను నిద్ర లేపడానికి రకరకాల గొంతులు వస్తాయి, అవి విచారణగా మారతాయి. నాలుగో పాట 'వాచింగ్ యూ వితౌట్ మీ' దగ్గర నేను చేస్తున్న పని ఆగిపోయింది. ఆమె ఇంటికి వచ్చింది, కానీ దేహంతో కాదు. తన కోసం ఎదురుచూస్తున్న మనిషి పక్కనే నిలబడి మాట్లాడుతోంది, అతనికి వినబడదు. ఆ మాటలు మనకు కూడా ముక్కలు ముక్కలుగా, తడబడుతూ, సగం తెలిసీ తెలియనట్టు అందుతాయి. అతనికి వినబడకపోవడం ఎలా ఉంటుందో రికార్డింగే మనకు చూపిస్తుంది. కింద లయ మాత్రం ఏమీ జరగనట్టు మెత్తగా కొట్టుకుంటూనే ఉంటుంది. ఈ పాటను విడిగా ఒక జాబితాలో పెట్టి వింటే వింతగా తోస్తుంది తప్ప గుండె పట్టదు. ముందున్న మూడు పాటల చలి ఒంటికి పట్టాకే ఇది పనిచేస్తుంది. ఆ తరువాత ఐరిష్ ఫిడేళ్లు విజృంభించి, భవిష్యత్తులోని ఆమే వచ్చి బతకమని నిలదీస్తుంది. చివరికి తెల్లవారుతుంది.

బుష్ దీన్ని ఇంటి దగ్గర కట్టుకున్న సొంత స్టూడియోలో చేశారు. ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాయిద్యం ఆమె చేతిలో ఉంది. గంటల లెక్కన అద్దె కట్టే స్టూడియోలో ఇంత ఓపికగా ఇన్ని పొరలు పేర్చడం కష్టమని నా అభిప్రాయం. పొరలు అన్ని ఉన్నా దేనికీ ఊపిరాడకపోవడం లేదు. అదే అసలు విద్య.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిక్ డ్రేక్ 'పింక్ మూన్' (1972). లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రెండు రాత్రుల్లో, ఇంజినీరు జాన్ వుడ్ ఒక్కరే తోడుగా రికార్డు చేశారు. గొంతు, గిటారు, మొదటి పాటలో కాసేపు పియానో. అంతే. దీనికి ముందు ఆల్బమ్‌లో డ్రమ్స్, వాద్యబృందం ఉన్నాయి. ఇక్కడ అవన్నీ తీసేశారు. పదకొండు పాటలూ కలిపి సుమారు 28 నిమిషాలు. రెండేళ్లకే, 26 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు కాబట్టి దీన్ని వీడ్కోలు లేఖలా వినడం ఆనవాయితీ అయిపోయింది. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఈసారి దుఃఖాన్ని పక్కనపెట్టి కుడిచేతి వేళ్లనే విన్నాను. బొటనవేలు కింద తీగల మీద ఒక నడక నడుస్తుంటే, మిగతా వేళ్లు పైన ఇంకో నడక నడుస్తున్నాయి. గొంతు ఈ రెండింటికీ కట్టుబడకుండా కాస్త ఆలస్యంగా వచ్చి వాలుతుంది. ఇంత అదుపు ఉన్న చేతిని నేను తక్కువగా విన్నాను. ఒక్కటే ఫిర్యాదు, అదీ ఆల్బమ్ మీద కాదు: ఫోనులోని పాటల యాప్ చివరి పాట ముగియగానే ఇంకెవరిదో పాట అందుకుంది. ఆ సౌకర్యాన్ని వెంటనే ఆపేశాను. మీరూ ఆపేయండి.

నిడివి సంగతి ఇక్కడే చెప్పాలి. ఎల్‌పీ ఒక్కో పక్క హాయిగా పట్టేది ఇరవై నిమిషాల చిల్లర. సీడీ వచ్చాక హద్దు 74 నిమిషాలకు జరిగింది. తొంభైలలో చాలామంది ఆ ఖాళీ అంతా నింపడం తమ బాధ్యత అనుకున్నారు. ఒయాసిస్ 'బీ హియర్ నౌ' (1997) దానికి నా అరలోని పెద్ద ఉదాహరణ. డెబ్బై నిమిషాలు దాటుతుంది. అప్పట్లో బ్రిటన్‌లో అత్యంత వేగంగా అమ్ముడైన ఆల్బమ్ అది. బాణీలు కట్టడంలో వాళ్లకు లోటు లేదు, పల్లవులు ఇప్పటికీ నోటికి వస్తాయి. కానీ గిటార్ల మీద గిటార్లు పేర్చి, తొమ్మిది నిమిషాలు దాటిన పాటకు చివర్లో మళ్లీ ఒక కొనసాగింపు పెట్టి, ఎక్కడా గుక్క తిప్పుకోనివ్వరు. నాలుగో పాటకే నా చెవులు అలిసిపోయాయి. సీడీ పెట్టె మూత విరిగినా లోపలి పుస్తకం బాగానే ఉంది. ఈ ఆల్బమ్‌ను ప్రాణంగా ప్రేమించే స్నేహితురాలికి ఇచ్చేశాను.

అయితే నిడివే నేరమంటే ఒప్పుకోను. సుఫ్యాన్ స్టీవెన్స్ 'ఇల్లినాయ్' (2005) 22 పాటలతో దాదాపు 74 నిమిషాలు నిండుతుంది. అమెరికాలోని ఒక రాష్ట్రాన్ని మొత్తం పాటల్లో పట్టాలన్న దురాశ. బాంజో, ట్రంపెట్, కోరస్, ఒబో, అన్నీ ఉంటాయి. చాలా వాయిద్యాలు ఆయనే వాయించారు. మధ్యమధ్య నిమిషం కూడా లేని చిన్న ముక్కలు పెట్టడం వల్ల పెద్ద పాట ముందు మనకు ఊపిరి దొరుకుతుంది. 'కాసిమిర్ పులాస్కీ డే'లో ఎముకల క్యాన్సర్‌తో పోతున్న స్నేహితురాలి గురించి గొంతు పెంచకుండా చెబుతారు. చివర్లో ఏడ్చే పనిని మాటలకు ఇవ్వకుండా ట్రంపెట్‌కు అప్పగించారు.

అదే మనిషి పదేళ్ల తరువాత 'క్యారీ అండ్ లోవెల్' (2015) చేశారు. 2012లో చనిపోయిన తల్లి క్యారీ మీద, సవతి తండ్రి లోవెల్ మీద పెట్టిన పేరది. ఇందులో డ్రమ్స్ దాదాపుగా లేవు. 'ఫోర్త్ ఆఫ్ జూలై'లో తల్లీకొడుకులు మరణశయ్య దగ్గర మాట్లాడుకుంటారు. ఆమె పిలిచే ముద్దుపేర్లు వింటుంటే మా అమ్మ ఆసుపత్రి మంచం మీద నన్ను నా చిన్నప్పటి పేరుతో పిలవడం గుర్తొచ్చింది. ఈ రెండు ఆల్బమ్‌లనూ వెంటవెంటనే వినమని చెబుతాను. ఊరేగింపు నడిపించగలిగినవాడు ఒక గదిలో అంత మెల్లగా మాట్లాడితే ఆ మాటకు బరువు ఎక్కువ.

ద పోస్టల్ సర్వీస్ 'గివ్ అప్' (2003) మీద నాకు అంత పెద్ద ఆశ లేకుండానే మొదలుపెట్టాను. లాస్ ఏంజెలెస్‌లో జిమ్మీ టాంబొరెలో ఎలక్ట్రానిక్ బాణీలు చేసి పోస్టులో పంపితే, సియాటిల్‌లో బెన్ గిబర్డ్ వాటికి పాట కలిపి తిరిగి పంపేవారు. అందుకే ఆ పేరు. అమెరికా తపాలా శాఖ ఆ పేరు తమదని అభ్యంతరం చెప్పింది, తరువాత రాజీ కుదిరి వాడుకోవడానికి అనుమతించింది. దీన్ని విడుదల చేసిన సబ్ పాప్ సంస్థకు నిర్వాణ బృందం 'బ్లీచ్' తరువాత ఎక్కువగా అమ్ముడైనది ఇదే. కంప్యూటర్ ధ్వనులు ఏటేటా మారిపోతాయి కాబట్టి ఇది పాతబడి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కొన్ని శబ్దాలు ఆ కాలానివేనని తెలుస్తూనే ఉంది. అయినా ఒకరు పూర్తిచేయకుండా ఖాళీ వదిలిన చోట ఇంకొకరు అడుగుపెట్టడం ప్రతి పాటలో వినబడుతుంది. గాయని జెన్నీ లూయిస్ గొంతు వచ్చినప్పుడు ఆ సంభాషణలో మూడో మనిషి చేరుతుంది. రెండో సగం కొంచెం వదులైంది, ఆ మాట కూడా చెప్పాలి.

ద ఎక్స్ఎక్స్ తొలి ఆల్బమ్ (2009) విన్నప్పుడు మా అమ్మాయి పక్కనే ఉంది. రోమీ మ్యాడ్లీ క్రాఫ్ట్, ఆలివర్ సిమ్ గుసగుసలాడుతున్నట్టు పాడతారు, జేమీ స్మిత్ లయ పెట్టె దగ్గర కూర్చుని ఒక్కో దెబ్బనూ ఆచితూచి వేస్తారు. మరుసటి ఏడాది, బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి దీనికి వచ్చింది. "ఇప్పటి గాయని బిలీ ఐలిష్ మెత్తని పాట ఎక్కడినుంచి వచ్చిందో ఇది విన్నాక నాకు అర్థమైంది" అన్నాను.

"అమ్మా, నువ్వు బిలీని స్పీకర్లో విన్నావు. అలా వింటే సగమే వస్తుంది" అని తన హెడ్‌ఫోన్స్ తెచ్చి ఇచ్చింది.

ఆ మాట నిజం. బిలీ 2019 ఆల్బమ్‌లో మొదట పాట లేదు, పళ్లకు పెట్టుకున్న తొడుగు తీస్తున్న చప్పుడు, తరువాత నవ్వు. అన్నయ్య ఫినియస్ పడకగదిలో చాలావరకు రికార్డు చేశారు. ఒక పాటలో దంతవైద్యుడి యంత్రం రొద కూడా వాడారు. స్పీకర్లో ఇవన్నీ అలంకారాల్లా ఉంటాయి. చెవిలో పెట్టుకుంటే ఆ అమ్మాయి మన భుజం మీదుగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. బేస్ ఒక్కసారిగా దిగి గొంతు చుట్టూ అంతా ఖాళీ అవుతుంది. ఇది మా అమ్మాయి అరలోనిది, ఇక నా జాబితాలో కూడా చేరింది.

బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' (1966) గురించి ఒక్క మాట. ఆ బృందం సారథి బ్రయాన్ విల్సన్‌కు కుడి చెవి దాదాపుగా వినబడేది కాదు, దీన్ని ఆయన మోనోలోనే (ధ్వనులన్నీ కుడి ఎడమలుగా విడదీయకుండా ఒకటిగా) మిక్స్ చేశారు. తొంభైలలో వచ్చిన స్టీరియోలో వాయిద్యాలు విడివిడిగా స్పష్టంగా ఉంటాయి, చదువుకోవడానికి బాగుంటుంది. ప్రేమించడానికి మోనోనే. సైకిలు గంట, హార్ప్సికార్డ్, గొంతులు అన్నీ కలిసి ఏది ఏమిటో తెలియని కొత్త రంగు అవడమే అక్కడ గొప్ప.

కొత్తగా మొదలుపెట్టే వారికి మాత్రం కరోల్ కింగ్ 'టాపెస్ట్రీ' (1971) ముందు చెబుతాను. ఇతరుల కోసం ఏళ్ల తరబడి పాటలు కట్టిన మనిషి తనే పియానో ముందు కూర్చుని పాడారు. 1960లో షిరెల్స్ బృందం హుషారుగా పాడిన 'విల్ యూ లవ్ మీ టుమారో'ను ఇక్కడ నెమ్మది చేశారు, జోనీ మిచెల్, జేమ్స్ టేలర్ వెనక గొంతు కలిపారు. షిరెల్స్ పాటలో ఆ ప్రశ్న ఒక పడుచుపిల్లది. ఇక్కడ జవాబు ఎలా ఉండవచ్చో తెలిసిన స్త్రీ అదే ప్రశ్న అడుగుతోంది. ముందు షిరెల్స్‌ది వినండి, తరువాత ఈ ఆల్బమ్ మొదటి పాట నుంచి వరుసగా అక్కడికి రండి. అది తొమ్మిదో పాట.