ఆ సర్‌ప్రైజ్ మాడ్యూల్ కొనేముందు ఇది చదవండి

మన గ్రూపుల్లో తెగ తిరుగుతోంది కదా, ఫౌండ్రీలో (ఇలాంటి ఆటలు ఆన్‌లైన్‌లో ఆడుకునే సాఫ్ట్‌వేర్) ఇనిషియేటివ్ (పోరాటంలో టర్నుల వరుస), సర్‌ప్రైజ్ (శత్రువును గమనించకుండా దొరికిపోవడం) రెండూ తనే చూసుకుంటుందని చెప్పే ఆ పెయిడ్ మాడ్యూల్ (అదనంగా తగిలించుకునే ప్రోగ్రాం). దయచేసి ఎవరూ కొనకండి. ఏడాది చందా కట్టాను, రెండు వేల పైనే పోయింది. డబ్బు పోయినందుకు కాదు, అమ్మినవాడు మాట్లాడిన తీరుకు ఒళ్లు మండిపోతోంది.

మేం ఇంకా డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలుగా మారి డైస్ వేసి ఆడే ఆట) 2014 రూల్సే ఆడుతున్నాం. పేజీలో 2014, 2024 రెండిటికీ పనిచేస్తుందని రాసి ఉంది. నిన్న రాత్రి ఆటలో గోబ్లిన్లు దారి కాశాయి. మాడ్యూల్ పార్టీ (మా ఆటగాళ్ల జట్టు) మొత్తానికీ సర్‌ప్రైజ్ పెట్టేసింది. 2014లో ఎవరి లెక్క వాళ్లదే. ఒక గోబ్లిన్ స్టెల్త్ (దాక్కునే స్కోరు) 12, మా క్లెరిక్ (పూజారి పాత్ర) పాసివ్ పర్సెప్షన్ (గమనించే స్కోరు) 15, అంటే ఆ గోబ్లిన్ కంటపడినట్టే. దాక్కున్న శత్రువుల్లో ఒక్కడు కంటపడినా ఆ పాత్రకు సర్‌ప్రైజ్ ఉండదు. అలర్ట్ ఫీట్ (పాత్ర తీసుకునే ఒక ప్రత్యేక సామర్థ్యం) ఉన్న మా రోగ్‌కైతే (దొంగ పాత్ర) స్పృహలో ఉన్నంతసేపు అసలు వర్తించదు. ఇద్దరి టర్నులూ దాటేసింది.

అది చేత్తో సరిచేశాను. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. విజార్డ్ (మంత్రాలు వేసే పాత్ర) ఇనిషియేటివ్ 18, గోబ్లిన్లది 9. విజార్డ్‌కు నిజంగానే సర్‌ప్రైజ్, కాబట్టి మొదటి టర్నులో కదలడానికి లేదు, యాక్షన్ లేదు. కానీ ఆ టర్ను ముగిశాక రియాక్షన్ (ఎదుటివాళ్లు ఏదైనా చేసినప్పుడు వెంటనే చేసే ప్రతిచర్య) వాడుకోవచ్చు. గోబ్లిన్ బాణానికి 17 పడింది. విజార్డ్ ఏసీ (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె) 13, రియాక్షన్‌గా షీల్డ్ మంత్రం వేస్తే 18 అవుతుంది, బాణం తగలదు. మాడ్యూల్ మాత్రం రౌండ్ అయ్యేదాకా రియాక్షన్‌కు తాళం వేసేసింది. డ్యామేజ్ 8, ఉన్న హిట్ పాయింట్లు (ప్రాణం) 7, పాత్ర పడిపోయింది. ఆ విజార్డ్ మా చెల్లెలు, మొదటిసారి ఆడుతోంది. "అన్నా, నేనేమైనా తప్పు నొక్కానా?" అని పదేపదే అడుగుతోంది. మాడ్యూల్ ఆపేసి, ఆ బాణాన్ని వెనక్కి తీసుకుని ఆట నడిపించాను.

పొద్దున్నే చాట్ లాగ్, స్క్రీన్‌షాట్లు, రూల్ పేరాతో సహా అమ్మినవాడికి మర్యాదగా పంపాను. వచ్చిన జవాబు: "బ్రో, సర్‌ప్రైజ్ ఎవరికో చూసుకోవాల్సింది డీఎం. ముందు రూల్‌బుక్ చదువుకోండి." డీఎం అంటే ఆట నడిపేవాడు, అంటే నేనే. మరి మాడ్యూల్ దేనికి అమ్ముతున్నట్టు? రెండో మెసేజ్‌లో 2014 పాతది, ఇప్పుడు సపోర్ట్ 2024కే అన్నాడు. వెంటనే పేజీ తెరిచాను. 2014 అన్న మాట తీసేశాడు! నేను కొన్న రోజు స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. దాన్ని వాళ్ల సపోర్ట్ గ్రూపులో పెడితే నా కళ్లముందే డిలీట్ అయింది, ఆ వెంటనే నన్నూ తీసేశారు. రీఫండ్ అడిగితే డిజిటల్ సరుకు వాపసు తీసుకోం అని ఒక్క లైను. డబ్బు తీసుకునేటప్పుడు "అర్ధరాత్రైనా అడుగన్నా, నేనున్నా" అన్న మనిషే ఇతను. మన తెలుగువాడే. సాటి ఆటగాళ్లతో ఇలాగేనా ఉండేది?

పోనీ 2024 అయినా సరిగ్గా ఉందా అని ఖాళీ సీన్‌లో పెట్టి చూశాను. అందులో సర్‌ప్రైజ్ అయితే టర్ను పోదు, ఇనిషియేటివ్ డిసడ్వాంటేజ్‌తో వేయాలి. అంటే రెండు డీ20లు (ఇరవై ముఖాల డైస్) వేసి తక్కువది తీసుకోవాలి. ఇది ఒక్క డైస్ వేసి 5 తీసేస్తోంది. లాగ్‌లో స్పష్టంగా కనిపిస్తోంది.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందు ఆటో రెన్యూవల్ ఆపేయండి. ఇలాంటివి ఏది కొన్నా అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఖాళీ సీన్‌లో ఒక ఉత్తుత్తి పోరాటం నడిపి చూశాకే అసలు ఆటలో పెట్టండి. మేమైతే సర్‌ప్రైజ్ ఎవరెవరికో కాగితం మీద రాసుకుని, ట్రాకర్ (టర్నుల పట్టిక) చేత్తోనే నడుపుకుంటాం. ఇతని దగ్గర నాలాగే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉంటే కింద రాయండి, స్క్రీన్‌షాట్లన్నీ ఒకచోట పెడదాం.