ఎల్క్ వేటకు తన్ను తక్కువ తూటా: 6.5 క్రీడ్‌మోరా, 7ఎంఎం-08నా?

అమెరికాలోని కొలరాడోలో రైఫిల్‌తో ఎల్క్ దుప్పిని వేటాడాలంటే చట్టప్రకారం గుండు బరువు కనీసం 85 గ్రెయిన్లు (సుమారు 5.5 గ్రాములు) ఉండాలి. ఈ రెండు తూటాలూ ఆ గీత సులువుగా దాటతాయి, పేరున్న పెద్ద తూటా .30-06 కంటే, పేల్చినప్పుడు భుజాన్ని బాగా తక్కువ తంతాయి కూడా.

2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ ఇంకాస్త మెత్తన. దాని సన్నటి, పొడవాటి గుండు గాలికి అంతగా పక్కకు పోదు. కానీ గురిబోర్డు కొట్టడం వేరు, మూడొందల కిలోల మగ ఎల్క్ భుజం ఎముక వేరు.

.308 తూటా మెడను సన్నం చేస్తే వచ్చిందే 7ఎంఎం-08. 1980లో తుపాకుల కంపెనీ రెమింగ్టన్ తెచ్చింది. గుండు కాస్త లావు, తన్ను కొంచెమే ఎక్కువ. మూడొందల గజాల లోపైతే నా ఓటు దీనికే, 140 గ్రెయిన్ల రాగి గుండుతో. క్రీడ్‌మోర్‌లా ప్రతి దుకాణంలో దొరకదు, సీజన్‌కు ముందే పెట్టెలు కొనిపెట్టుకోవాలి. 6.5 ఇప్పటికే చేతిలో ఉంటే అమ్మేయక్కర్లేదు. జంతువు పూర్తిగా పక్కకు తిరిగే దాకా ఆగి, ఊపిరితిత్తులకే గురిపెట్టండి.