గులాబీ చుక్కల పటం: గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ వాడి చూశాక

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు జాగ్రఫీ చెబుతాను. పక్కపక్క దేశాల్లో అడవులు ఎలా తగ్గుతున్నాయో పోల్చి రాయమంటే, ఇదివరకు పేపర్ కటింగులే వచ్చేవి. ఇప్పుడు పిల్లలను నేరుగా, ఎక్కడెక్కడ చెట్లు పోయాయో ప్రపంచ పటం మీద చూపించే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ సైటు ముందు కూర్చోబెడుతున్నాను. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 2014లో దీన్ని ఇప్పటి రూపంలో తెచ్చింది. పైసా కట్టేది లేదు, లాగిన్ కాకపోయినా పటం తెరుచుకుంటుంది. అమెరికా 2008లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను అందరికీ ఉచితం చేసింది. ఆ చిత్రాలతోనే మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్లు ప్రపంచం మొత్తానికి పోయిన చెట్ల లెక్క కట్టారు.

2001 నుంచి ఎక్కడెక్కడ చెట్లు పోయాయో పటంలో గులాబీ రంగులో కనిపిస్తుంది. ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం, మన లెక్కలో దాదాపు తొమ్మిది గుంటలు. కొత్తగా కొట్టిన పోడు చెలక దొరికిపోతుంది కానీ, ఒకటీ అరా టేకు చెట్టు నరికి ఎత్తుకెళ్తే తెలియదు.

దీనికి అయిదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను. అయితే వాడేవాళ్లు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అయిదు మీటర్లు దాటిన ఏ చెట్టయినా ఈ లెక్కలో చెట్టే. సహజమైన అడవా, నాటిన తోటా అన్నది గులాబీ రంగు చెప్పదు. క్లాసులో ములుగు జిల్లా పటం పెద్దది చేసి చూస్తుంటే, మంగపేట నుంచి వచ్చే అమ్మాయి లేచి, "గది అడవి గాదు మేడం, జామాయిల్ కొట్టిండ్రు. మా పెద్దబాపు తోట గూడ ఆ పక్కకే ఉంటది" అంది. పేపరు మిల్లుల కోసం జామాయిల్ నాటడం, కొన్నేళ్లకు కొట్టడం, మళ్లీ మొదళ్ల నుంచి చిగుళ్లు రావడం ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. గాలివాన దెబ్బ కూడా ఈ లెక్కలో నష్టమే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు కూలిపోయాయి, అక్కడ గొడ్డలి పెట్టిన వాడెవడూ లేడు.

ఇదే జాగ్రత్త దేశాలకూ కావాలి. వియత్నాం, కంబోడియా రెండింటిలోనూ గులాబీ దండిగా ఉంటుంది. వియత్నాంలో చాలాచోట్ల అది తుమ్మ జాతికి చెందిన అకేషియా తోటల కోత. నాలుగైదేళ్లకు కొట్టి చెక్క ముక్కలు (చిప్స్) చేయడానికి పంపి, మళ్లీ నాటుతారు. కంబోడియాలో సహజమైన అడవే పోయి రబ్బరు తోటలు వచ్చాయి. వియత్నాం సరిహద్దు దగ్గరి స్నూల్ వన్యప్రాణి అభయారణ్యానికి పట్టిన గతి అదే. ఈ రెండింటినీ హెక్టార్ల లెక్కన పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ నరికారని తేల్చడం అన్యాయం. ప్రైమరీ ఫారెస్ట్ అనే లేయర్ ఆన్ చేసి, పోయినదాంట్లో పాత అడవి ఎంతో చూడండి. తేడా అప్పుడు తెలుస్తుంది.

ఒకే దీవిని పంచుకునే హైతీ, డొమినికన్ రిపబ్లిక్ జంట మరీ ముఖ్యం. మామూలు ఉపగ్రహ చిత్రంలో సరిహద్దుకు హైతీ వైపు మట్టిరంగు, డొమినికన్ వైపు పచ్చదనం. పటంలోని గులాబీని బట్టి చూస్తే మాత్రం హైతీ మేలేమో అనిపిస్తుంది. అక్కడ పొలాలకు, కట్టెబొగ్గుకు పోవాల్సిన అడవి 2001కి ముందే చాలావరకు పోయింది. ఇక పోవడానికి మిగిలింది తక్కువ. డొమినికన్ ప్రభుత్వం వంటగ్యాస్‌కు సబ్సిడీ ఇచ్చి జనాన్ని బొగ్గు పొయ్యి నుంచి మళ్లించింది. ఆ మాట ఏ చుక్కలోనూ ఉండదు, చదివి తెలుసుకోవాల్సిందే. కారణాల దగ్గర పిల్లలను ఎక్కువసేపు ఆపేది అందుకే.

సెట్టింగుల సంగతి. చెట్ల దట్టం, అంటే కొమ్మలూ ఆకులూ నేలను కనీసం ఎంత శాతం కప్పితే లెక్కలోకి తీసుకోవాలన్న హద్దు, మామూలుగా 30 శాతం దగ్గర ఉంటుంది. రెండు దేశాలకూ ఒకటే పెట్టండి. మన ఏటూరునాగారం లాంటి ఆకురాల్చే అడవికి 10 పెట్టి కూడా చూడాలి. 2005ను 2020తో నేరుగా పోల్చొద్దు, మధ్యలో లెక్కగట్టే పద్ధతి మెరుగుపడింది. ఈ హెచ్చరిక సైటు వాళ్లే ఇస్తారు, అది నాకు బాగా నచ్చింది.

సైటు ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ లాంటి కొన్ని భాషల్లోనే ఉంది, తెలుగు లేదు. అర మార్కు తగ్గించింది అందుకే. మెనూలోని మాటలన్నిటికీ మా పిల్లలు తెలుగు రాసి ల్యాబ్‌లో అంటించారు. హైస్కూలు టీచర్లు ఎవరైనా అడిగితే ఆ కాగితం జిరాక్స్ తీసి ఇస్తాం.