ట్రంబుల్ కాస్తా 'ట్రబుల్' అయిండు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి సందుల ఉన్న ఒక డీటీపీ, జిరాక్స్ షాపు గురించి ఇది. తిట్టేది కూడా ఉంది గనుక పేరు రాస్తలేను.

నేను రిటైరైన సివిక్స్ లెక్చరర్‌ను. తెలిసిన డిగ్రీ పిల్లలకు పరోక్ష ఎన్నిక చెప్పాలని, 1855లో అమెరికా సెనేట్ సీటు కోసం అబ్రహం లింకన్ పడ్డ తిప్పలను ఏ3 చార్టుగా చేయించిన. మ్యాటర్ వాట్సాప్‌ల పంపితే నాది యూనికోడ్, వాళ్లది అను ఫాంటు, అతికిస్తే అన్నీ డబ్బాలే. మళ్లీ మొదట్నుంచి కొట్టాలె, పేజీకి 40 రూపాయలు. రెండింటికి ఇస్తమన్నది ఆరున్నర దాటింది. అడిగినప్పుడల్లా ఓనర్ "అయిపోయింది సార్, ప్రింటుకే పెడుతున్న" అంటడు. స్క్రీన్ మీదేమో ఎవరిదో ఓణీల ఫంక్షన్ కార్డు.

అయినా నాలుగు స్టార్లు ఇస్తున్న. అవి టైపు కొట్టిన అమ్మాయివి. ప్రింటు ఆపి పిలిచింది. "సార్, మొదటి రౌండ్ల లింకన్‌కు నలభై దాటినయి, ఈ ట్రంబుల్‌కు ఐదే. ఆఖరికి ఐదొచ్చినాయన గెలిచిండని ఉంది. అంకెలు తారుమారైనయా?" నా క్లాసుల ఎవరూ ఇంత సూటిగ అడగలే.

స్టూలు లాక్కొని చెప్పిన. అప్పట్ల సెనేటర్‌ను రాష్ట్ర సభల సభ్యులే ఎన్నుకునేటోళ్లు, జనం చేతికి ఓటొచ్చింది 1913లో. లింకన్ రాష్ట్రం ఇల్లినాయ్‌ల రెండు సభలూ కలిపి వంద మంది. "మన ఎంపీపీ ఎన్నిక లెక్కనే" అన్నది. క్యాంపులు లేవు బిడ్డా, ఉత్తరాలున్నయి అన్న. లింకన్ చాలామంది సభ్యులకు ఉత్తరాలు రాసిండు, ఎవరు ఏ పార్టీనో జాబితా చేత్తోని రాసి పెట్టుకున్నడు. 1854ల తనే సభకు గెలిచి, సభ్యుడిగ ఉంటే సెనేటుకు పనికిరాడని రాజీనామా కూడా చేసిండు. ఉప ఎన్నికల ఆ సీటు ఎదుటి పార్టీకి పోయింది.

ట్రంబుల్ వెనక ఉన్న ఐదుగురు ఆ ఎదుటి పార్టీ, అంటే డెమోక్రాట్లే, కాకపోతే బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకేందుకు దారి తెరిచిన కాన్సాస్-నెబ్రాస్కా చట్టం వాళ్లకు గిట్టలే. అందుల లింకన్‌ది, వాళ్లది ఒకటే మాట. కానీ విగ్ పార్టీ మనిషైన లింకన్‌కు ఓటెయ్య వాళ్లకు చెయ్యి రాలే. రౌండ్లు పెరిగినకొద్దీ లింకన్ ఓట్లు 15కు కరిగినయి, మిగతా డెమోక్రాట్లు నిలబెట్టిన గవర్నర్ మాటెసన్ గెలుపు దగ్గరికొచ్చిండు. అప్పుడు లింకన్ తనోళ్లను ట్రంబుల్‌కు వెయ్యమన్నడు. పదో రౌండ్ల ట్రంబుల్‌కు 51.

"అంటే ఐదుగురు కదలలే, నలభై మంది కదిలిన్రు" అన్నది అమ్మాయి. ఆ ముక్క చార్టు కింద పెట్టించిన.

లామినేషన్ 50 రూపాయలు, ఒక్క గాలిబుడగ లేదు. ఇంటికొచ్చి చూస్తే పదో రౌండ్ గడిల 'ట్రబుల్' అని ఉంది. లింకన్‌కైతే అది అచ్చుతప్పేం కాదు. మార్కర్‌తోని సున్న పెట్టిన గానీ, చెయ్యి తగిలినప్పుడల్లా చెరిగిపోతున్నది.