ఈవ్ ఆన్‌లైన్‌లో వార్మ్‌హోల్ సిస్టమ్ కొంటున్నారా? అమ్మేవాడి స్క్రీన్‌షాట్ నమ్మకండి

ఈవ్ ఆన్‌లైన్ అంతరిక్ష ఓడల ఆట. అందులో వార్మ్‌హోల్ అంటే రెండు నక్షత్ర వ్యవస్థల మధ్య తాత్కాలికంగా తెరుచుకునే దారి. వార్మ్‌హోల్ సిస్టమ్‌కి అలాంటి దారుల్లోంచే వెళ్లాలి. ఆటలో పెద్ద సంత అయిన జిటా చాట్‌లో "ఖాళీ సీ2, హైసెక్ స్టాటిక్" (రెండో తరగతి వార్మ్‌హోల్ సిస్టమ్, దాన్నుంచి సురక్షిత ప్రాంతమైన హైసెక్‌కి ఎప్పుడూ ఒక దారి ఉంటుంది) అని సిస్టమ్‌లు అమ్ముతూ, తెలుగువాళ్లు కనిపిస్తే "అన్నా, మనోళ్లకి తక్కువకే ఇస్తా" అని ప్రైవేటుగా మాట కలిపేవాడు ఒకడున్నాడు. అక్కడ తిరిగేవాళ్లకి ఎవరో ఈపాటికి అర్థమై ఉంటుంది. రాత్రి నన్ను ముంచాడు. ఒళ్లు మండిపోతోంది, అందుకే వెంటనే రాస్తున్నా.

మా చిన్న కార్ప్‌కి (ఆటగాళ్ల జట్టుకి) ఒక ఇల్లు కావాలి. ఆట డబ్బు 300 మిలియన్ ఇస్క్ ముందే పంపమన్నాడు, పంపాను. డబ్బు అందాకే దారి చెప్తానన్నాడు. నమ్మకానికి ఆ హోల్ లోపలి వైపు నుంచి తీసిన షో ఇన్ఫో (హోల్ వివరాల కిటికీ) స్క్రీన్‌షాట్ పంపాడు. హోల్ టైపు బీ274, మాస్ (ఇంకా మోయగల బరువు) ఏమీ కదల్లేదు. బీ274 అంటే మొత్తం దాదాపు 200 కోట్ల కిలోలు మోస్తుంది, 24 గంటలు ఉంటుంది. సామాను మొత్తం చేరేయడానికి చాలా ఎక్కువ.

హైసెక్ వైపు వెళ్లి చూస్తే అక్కడ దాని పేరు కే162. అది మామూలే, ఆ వైపు నుంచి అసలు టైపు కనపడదు. కానీ మాస్ లైన్ మారిపోయింది. స్టెబిలిటీ తగ్గింది, ఇంకా క్రిటికల్ కాలేదు అని ఉంది. అడిగాను. "సగం ఉందన్నా, నీ హాలర్‌కి (సామాను ఓడకి) ఏం కాదు, వచ్చేయ్" అన్నాడు.

ఆ లైన్‌కి సగం అని అర్థం కాదు. సగం దగ్గర్నుంచి పది శాతం దాకా ఎంత మిగిలినా అదే లైన్ చూపిస్తుంది. అంటే 100 కోట్ల కిలోలు ఉండొచ్చు, 20 కోట్లే ఉండొచ్చు. ఎంత మిగిలిందో చూసే నాకు తెలియదు. లోపలికీ బయటికీ ఓడలు తిప్పి లెక్క రాసుకున్నవాడికి మాత్రం తెలుసు. వాడికి తెలుసు. తెలిసే "సగం" అన్నాడు.

నా హాలర్ బరువు కోటిన్నర లోపే, దాని వల్ల హోల్ మూసుకుపోదు. నేను దాటాను. వెనకే ఒక బాటిల్‌షిప్ వచ్చింది, 100ఎంఎన్ ప్రాప్ (వేగం పెంచే మాడ్యూల్) వెలిగించుకుని. బాటిల్‌షిప్ సుమారు పది కోట్ల కిలోలు, ఆ మాడ్యూల్ ఆన్‌లో ఉంటే ఇంకో ఐదు కోట్లు కలుస్తుంది. లోపలికొచ్చి, ఒక్క క్షణం కూడా ఆగకుండా తిరిగి బయటికి దూకాడు. హోల్ ఊగి, నా కళ్లముందే మాయమైంది. మా తమ్ముడు స్కానర్ ఓడతో హైసెక్ వైపే ఉండిపోయాడు. నా హాలర్‌లో హోల్‌లు వెతికే ప్రోబ్ లాంచర్ లేదు. స్టాటిక్ పోతే కొత్తది పుడుతుంది, నిజమే. కానీ స్కాన్ చేసేవాడు లేనప్పుడు అది పుట్టి నాకేం లాభం? లోపల లోకల్ చాట్‌లో ఎవరున్నారో కూడా కనపడదు. అంతలో ఒక లోకీ (యుద్ధ ఓడ) కనపడకుండా దాచే క్లోక్ తీసి, నేను పారిపోకుండా పాయింట్ వేసింది.

అప్పుడు వాడి మెసేజ్ వచ్చింది. "ఇంకో 500 మిలియన్ పంపు అన్నా, బయటికి దారి చూపిస్తా." స్క్రీన్‌షాట్ అబద్ధం కదా అన్నాను. "అబద్ధం ఎందుకవుతుంది? తీసినప్పుడు అలాగే ఉంది."

ఓడ పోయింది, ఇస్క్ పోయింది, అవి మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ ఆ చివరి మాట దాకా వాడు "అన్నా" అనడం మానలేదు. ఆ ఓడలో ఉన్నది నెలల తరబడి కార్ప్ పిల్లలు మైనింగ్ చేసి కూడబెట్టిన స్ట్రక్చర్, మేం పెట్టుకోవాల్సిన స్థావరం. వాళ్లకి నేనేం చెప్పాలి? మన భాషలో పలకరించి, మనవాణ్ణి గురిచూసి కొట్టడం నీచం. ఆట నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి, సపోర్ట్‌కి టికెట్ పెట్టినా పైసా తిరిగి రాదు. అయినా నీచమే.

కొనేవాళ్లు ముందు జే నంబర్ (సిస్టమ్ పేరు) అడగండి. ఏ సిస్టమ్‌కి ఏ స్టాటిక్‌లు ఉంటాయో అది మారదు, నంబర్ ఉంటే మీరే చూసుకోవచ్చు. డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు మీ మనిషి హోల్ దగ్గర నిలబడి షో ఇన్ఫో చదవాలి. మాస్ లైన్ తగ్గినట్టు ఉంటే 20 కోట్లే ఉందనుకోండి. జీవితకాలం చివరికొచ్చింది అని ఉంటే 4 గంటల లోపే. ఎవరు దూకినా ఓడలో ప్రోబ్‌లు ఉండాలి. ఇప్పటికే వాడితో బేరంలో ఉన్నవాళ్లు నాకు గేమ్‌లో మెయిల్ పెట్టండి, చాట్ లాగ్ మొత్తం పంపిస్తాను.